ఏడ్రియాటిక్ రేవులో బేతంచెర్ల ముడి

ఆళ్ళగడ్డలో ఒక ఇంటికి తెల్ల మార్బుల్ పరచడం వల్ల మేం ముగ్గురం క్రొయేషియా వెళ్ళాం. నమ్మడం కష్టమే గానీ జరిగింది ఇదే. నా పేరు శాంసన్, నంద్యాలలో లెక్కల టీచర్ని. నాకు ప్రాణస్నేహితులు ఇద్దరు. ఒకడు ఆళ్ళగడ్డలో కిరాణా కొట్టు నడిపే శెట్టి. రెండోవాడు ఓబులేసు, వాడికి బేతంచెర్లలో నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ, రెండు లారీలు ఉన్నాయి. ముగ్గురం నంద్యాలలో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో పడుకున్నవాళ్ళం. రెండేళ్ళ కిందట శెట్టి కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. ఓబులేసు కొత్త చొక్కా వేసుకుని వచ్చి, గడప దాటి, కిందికి చూశాడు. హాల్లో తెల్ల మార్బుల్, వంటింట్లో తెల్ల మార్బుల్, చివరికి మెట్ల మీద కూడా అదే. బేతంచెర్ల బండ ఒక్కటి లేదు. వాడు వెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నాడు. పప్పు వడ్డించడానికి శెట్టి భార్య వంగే సమయానికి విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మా వైపు వడ్డించిన విస్తరి ముందు నుంచి లేవడమంటే నలుగురిలో నిలబెట్టి తిట్టడం కన్నా ఎక్కువ. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో పోస్టుమాన్ ఉద్యోగం నాకు పడింది.

పోయిన వేసవి సెలవుల్లో ఫోన్లో ఒక వీడియో చూశాను. ఏడ్రియాటిక్ సముద్రం మీద, క్రొయేషియా తీరం వెంట, తెరచాప పడవను వారం రోజులకు అద్దెకిస్తారట. నడపడం రానివాళ్ళకు కెప్టెన్ని కూడా ఇస్తారట. పడవ పొడవు పన్నెండు మీటర్లు. అంత చిన్న పడవలో వారం రోజులు ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూడకుండా తిరగలేరని నాకు ఠక్కున తట్టింది. మర్నాడే బేతంచెర్ల బస్సెక్కాను. అక్కడ బ్రాచ్ అనే దీవి ఉందనీ, దీవంతా తెల్లరాయేననీ, క్వారీలు కూడా ఉన్నాయనీ ఓబులేసుకు చెప్పాను. వాడి కళ్ళు వెలిగాయి గానీ, వెంటనే అనుమానమొచ్చింది.

"శెట్టి కూడా వస్తాండాడా?" అన్నాడు.

"వస్తాండాడు. నీకు నీళ్ళంటే బయమంట, నువ్వు రావంట. అందరితో చెప్తాండాడు."

"నాకా బయం? ఎప్పుడు పోదామో చెప్పప్పా!"

అక్కడి నుంచి ఆళ్ళగడ్డ పోయి శెట్టికీ ఇదే మాట ఓబులేసు పేరు మీద చెప్పాను. ఆదివారం చర్చిలో ఆ రెండు అబద్ధాలకూ క్షమాపణ అడుక్కున్నాను. కానీ వెనక్కి తీసుకోలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని వివరాలు చెప్పాలి. మేం దసరా సెలవుల్లో, సెప్టెంబరు చివర్లో వెళ్ళాం. అప్పటికి ఎండ తగ్గుతుంది, నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి, జూలై ఆగస్టులతో పోలిస్తే పడవ అద్దె బాగా తక్కువ. షెంజెన్ వీసాకు రెండు నెలల ముందే హైదరాబాదులో దరఖాస్తు పెట్టుకున్నాం. విమానం, వీసా, పడవ, కెప్టెన్ జీతం, తిండి అన్నీ కలిపి మనిషికి రెండు లక్షల పైచిలుకు అయింది. పడవకు వంటింటి సామాను, పరుపులు, దుప్పట్లు వాళ్ళే ఇస్తారు. ఏజెంటు రెండు రకాల పడవలు చూపించాడు. మూడు క్యాబిన్లది ఒకటి, ఇంకొంచెం డబ్బు పెడితే నాలుగు క్యాబిన్లది ఒకటి. కెప్టెన్‌కు ఒకటి పోతే నాలుగు క్యాబిన్ల పడవలో మాకు తలా ఒకటి వస్తుంది. నాలుగు క్యాబిన్లది దొరకలేదని ఇద్దరికీ చెప్పి నేను మూడు క్యాబిన్లదే తీసుకున్నాను. ఇది మూడో అబద్ధం.

నంద్యాల నుంచి హైదరాబాదుకు బస్సులో ఆరేడు గంటలు. అక్కడి నుంచి మధ్యలో ఒకచోట విమానం మారి జాగ్రెబ్‌లో దిగాం. జాగ్రెబ్ నుంచి స్ప్లిట్ ఊరికి మళ్ళీ ఐదారు గంటల బస్సు. దారి పొడవునా ఇద్దరూ నాకు చెరో పక్కన కూర్చున్నారు. పడవలు శనివారం సాయంత్రం చేతికిచ్చి, తర్వాతి శనివారం పొద్దున్నే వెనక్కి తీసుకుంటారు. స్ప్లిట్ పక్కనున్న రేవులో మా కెప్టెన్ మాతే ఎదురొచ్చాడు. అరవై దగ్గర వయసు, ఎండకు కమిలిన మొహం, పెద్ద నవ్వు. శెట్టి తెచ్చిన గట్టి సూట్‌కేసు చూడగానే ఆ నవ్వు కాస్త తగ్గింది. పడవలో అలాంటి పెట్టెకు చోటుండదట, మడిచి పెట్టుకునే సంచులే తేవాలట. పెట్టె తెరిస్తే సగానికి పైగా బొరుగులు, అదే మరమరాలు, మిగతాది పప్పుల పొడి, ఎండుమిరపకాయలు, పసుపు, ఒక గరిటె. అన్నీ వంటింటి అరల్లోకి సర్ది ఖాళీ పెట్టెను రేవు ఆఫీసులోనే వదిలేశాం.

క్యాబిన్ల దగ్గర నేను ముందే సిద్ధం చేసుకున్న మాట చెప్పాను. నాకు గురక, కాబట్టి నేనొక్కణ్ణే పడుకుంటాను, మీరిద్దరూ ముందు క్యాబిన్‌లో పడుకోండి. ఇద్దరూ నన్ను కొట్టేలా చూశారు. ఆ రాత్రి మంచం మధ్యలో ఓబులేసు రెండు దిండ్లు నిలబెట్టి గోడ కట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున బయల్దేరి నాలుగు గంటల్లో బ్రాచ్ దీవిలోని మిల్నా చేరాం. తెరచాప లేపి ఇంజను ఆపినప్పుడు వచ్చే ఆ నిశ్శబ్దం ఉంది చూడండి, దానికోసమైనా ఒకసారి వెళ్ళాలి. నీళ్ళు పడవకు తగిలే చప్పుడు తప్ప ఏమీ వినబడదు. మాతే మాకు మూడు నియమాలు చెప్పాడు. ఒకటి, పడవలో ఒక చెయ్యి ఎప్పుడూ దేన్నైనా పట్టుకుని ఉండాలి. రెండు, గిన్నెలు ముందు బకెట్‌తో తోడిన సముద్రపు నీళ్ళతో కడిగి, చివర్లో మాత్రమే ట్యాంకులోని మంచినీళ్ళు వాడాలి. మూడు, రేవులో తాడు కట్టేటప్పుడు దాన్ని గట్టు మీది ఇనుప కడియంలోంచి దూర్చి చివర మళ్ళీ పడవలోకే తెచ్చుకోవాలి, అప్పుడు బయల్దేరేటప్పుడు పడవలో నుంచే వదిలెయ్యొచ్చు. రెండో నియమం మాకు కొత్త కాదు. కుళాయి ముందు బిందెల వరుసలో పెరిగినవాళ్ళం, ఒక చెంబుతో స్నానం చేయగలం. మూడు రోజుల తర్వాత ట్యాంకు ముల్లు కిందికి దిగకపోవడం చూసి మాతే అది చెడిపోయిందేమోనని వేలితో కొట్టి చూశాడు. మూడో నియమం మాత్రం ఓబులేసుకు నచ్చలేదు.

"ఇదేం కట్టడమప్పా? ఊరికే చుట్టి ఇడ్సిపెట్నట్ల ఉండాది" అన్నాడు నాతో. బేతంచెర్లలో బండల లోడుకు తాడు బిగిస్తే హైదరాబాదు దాకా వేలెడు కదలకూడదు. లారీ క్లీనరుగా మొదలై ఫ్యాక్టరీ దాకా వచ్చినవాడు వాడు.

సోమవారం హ్వార్ దగ్గరి చిన్న దీవుల మధ్య లంగరు వేశాం. ఊరి రేవులో కట్టుకుంటే అద్దె ఎక్కువ, దీవుల మధ్య లంగరుకు ఏమీ అక్కర్లేదు. మంగళవారం విస్ దీవికి దాటుతుంటే అలలు లేచి నేను కక్కుకున్నాను. ఒకడు వీపు నిమిరాడు, ఇంకొకడు నిమ్మకాయ వాసన చూపించాడు. ఇద్దరూ నా తల మీదుగా ఒకరినొకరు చూసుకోకుండా ఈ సేవంతా చేశారు. అసలు చిక్కు తిండి దగ్గర. శెట్టి రోజూ వండి నాలుగు పళ్ళేలు పెట్టేవాడు. ఓబులేసు తన పళ్ళెం ముట్టేవాడు కాదు. బ్రెడ్డు, టమాటా, ఇంటి నుంచి తెచ్చుకున్న చెనిక్కాయల పొడి, అంతే. అయినా శెట్టి మర్నాడు మళ్ళీ నాలుగో పళ్ళెం పెట్టేవాడు. అది మాతే తినేసేవాడు. ఈ గొడవ వల్ల లాభపడిన ఒకే ఒక్క మనిషి మాతే.

బుధవారం షోల్టా దీవిలో మాతే నన్ను పక్కకు పిలిచి, "ఆ ఇద్దరిలో ఒకరికి చెవుడా?" అని అడిగాడు. చెయ్యి చాపితే అందే ఉప్పుడబ్బాను "శాంసన్, ఉప్పు ఇయ్యమను" అని నా ద్వారా అడగడం మాతేకు అర్థం కాలేదు. నేను మార్బుల్ కథ మొత్తం చెప్పాను. మాతే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "భోజనం ముందు నుంచి లేచి వెళ్ళాడా?" అని తల పట్టుకున్నాడు. నాకు కూడా అప్పుడు దిగులేసింది. ఇంకా మూడు రోజులే ఉన్నాయి. వీళ్ళు ఇట్లాగే ఇంటికి వెళితే ఇంక జన్మలో మాట్లాడుకోరు. ముప్పై ఏళ్ళ స్నేహం ఒక గచ్చు కింద పడిపోతుంది.

గురువారం బ్రాచ్ దీవి ఉత్తరాన ఉన్న పుచిష్చా చేరాం. లోతుగా లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న రేవు, చుట్టూ తెల్లరాతి ఇళ్ళు, ఇళ్ళ కప్పులు కూడా రాతి పలకలే. రాయి చెక్కడం నేర్పే బడి ఒకటి ఉంది. ఓబులేసు దాని కిటికీలోంచి తల పెట్టి, లోపల సుత్తి చప్పుడు వింటూ గంటసేపు కదల్లేదు. గట్టు మీది బండలను అరచేత్తో రాశాడు, గోరుతో గీకాడు, ఉమ్మి తడి చేసి రంగు చూశాడు. "ఇదీ మన జాతేనప్పా, సున్నపురాయి. పాలిష్ బలే పడతాది" అన్నాడు. అన్నది నాతోనే అయినా పక్కనున్న శెట్టికి వినబడేంత గట్టిగా అన్నాడు. శెట్టి తల తిప్పుకున్నాడు గానీ, తన చెప్పు విడిచి ఆ బండ మీద పాదం పెట్టి చూసుకోవడం నేను గమనించాను.

ఆ సాయంత్రం పడవ వెనక భాగాన్ని గట్టుకు ఆనించి, రెండు మూలలా రెండు తాళ్ళు కట్టాం. ముందు భాగాన్ని నీటి అడుగు నుంచి వచ్చే తాడొకటి పట్టి ఉంచుతుంది. మాతే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంటికి వెళ్ళాడు. కాసేపటికి గాలి లేచి పడవ ఊగడం మొదలైంది. మాకెవరికీ చెప్పకుండా ఓబులేసు పడవలోని తాళ్ళ పెట్టెలోంచి ఇంకో తాడు తీసి, పడవ వెనక మూల నుంచి గట్టు కడియానికి తన పద్ధతిలో కట్టాడు. ముడి వేసి, మధ్యలో కట్టె దూర్చి మెలి తిప్పి, ఆ కట్టెను కూడా కట్టేశాడు. మా మంచికే చేశాడు పాపం.

శుక్రవారం పొద్దున మాతే మమ్మల్ని తొందరపెట్టాడు. అక్కడ ఈశాన్యం నుంచి వీచే చలిగాలిని బూర అంటారు. మధ్యాహ్నానికి అది పెరుగుతుందనీ, ఈ రేవు నోరు ఆ వైపే ఉందనీ, వెంటనే బయటపడాలనీ అన్నాడు. శెట్టి కింద వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్నాడు. ఓబులేసు ముందుకు వెళ్ళి అక్కడి తాడు వదిలాడు. నేను వెనక రెండు తాళ్ళూ లాగేసుకున్నాను. "అన్నీ విప్పావా?" అని చుక్కాని దగ్గర నుంచి మాతే అడిగితే, పరీక్ష పేపరు మళ్ళీ చూసుకోకుండా ఇచ్చేసిన వాడిలా "అన్నీ" అన్నాను. ఇంజను గుర్రుమంది, పడవ ఒక గజం కదిలింది, తర్వాత ఎవరో తోక పట్టి లాగినట్టు ఆగిపోయింది. గాలికి పడవ ముందు భాగం పక్కకు తిరిగి, పక్కనే కట్టి ఉన్న తళతళలాడే కొత్త పడవ మీదికి పోసాగింది.

"అయ్యో, నా తాడు!" అంటూ ఓబులేసు వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. రాత్రంతా పడవ లాగిన లాగుడుకు ముడి బండలా బిగిసిపోయింది. పళ్ళతో లాగినా కదల్లేదు. పడవలు ఒరుసుకోకుండా పక్కన వేలాడదీసే గాలి రబ్బరు బంతిని నేను రెండు పడవల మధ్య దూర్చి నా బరువంతా దాని మీద వేశాను. పక్క పడవలోని ముసలి దంపతులు కాఫీ కప్పులు కింద పెట్టి, పాపం వాళ్ళు కూడా తోస్తున్నారు. మాతే "కత్తి! కత్తి!" అని అరిచాడు. ఆ అరుపుకి శెట్టి ఉల్లిపాయల కత్తితోనే పైకొచ్చాడు, ఉల్లి ఘాటుకు కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. వంగి ముడి చూశాడు.

"ఏందప్పా ఇది! బండల లారీకి కట్నట్ల కడితివే! యాడన్నా పడవకు ఇట్ల కడతారా?"

రెండేళ్ళ తర్వాత శెట్టి ఓబులేసుతో అన్న మొదటి మాట ఇది. నేను రబ్బరు బంతి మీద పడుకునే విన్నాను.

"కొయ్యొద్దు!" ఓబులేసు రెండు చేతులూ ముడి మీద కప్పేశాడు. "కట్టిన తాడు కొయ్యగూడదు."

"చెయ్యి తియ్! పక్కోళ్ళ పడవ పగిలిపోతాది!"

"నువ్వా కత్తి ఆడ పెట్టి ఈ కట్టె పట్టుకోప్పా. మెలి ఎనక్కి తిప్పు, నేను గుంజుతా."

"ఎటు తిప్పల్ల?"

"నీ పక్కకు! బేగా!"

శెట్టి కట్టె తిప్పాడు. ముడి కొంచెం మెత్తబడింది గానీ ఊడలేదు. అప్పుడు నడుముకు దోపుకున్న గరిటె తీసి దాని కాడను ముడిలో గుచ్చి, కొట్లో గోతాల మూతి ముడులు విప్పినట్టు ఇటూ అటూ ఆడించాడు. "ఆ... వస్తాండాది, వస్తాండాది, ఇంగ కొంచెం" అని ఓబులేసు పక్క నుంచి లాగుతున్నాడు. ఒక్కసారిగా తాడు జారి ఇద్దరూ వెల్లకిలా ఒకరి మీద ఒకరు పడ్డారు. పడవ ముందుకు దూకింది. పక్క పడవకు జానెడు దూరంలో మా ముందు భాగం తప్పుకుపోయింది. ముసలి దంపతులు చప్పట్లు కొట్టారు.

రేవు దాటి తెరచాప విప్పాక అసలు పోట్లాట మొదలైంది. గంటసేపు జరిగింది. నా జీవితంలో అంత హాయిగా విన్న పోట్లాట ఇంకొకటి లేదు.

"నా బండలు నీ ఇంటికి పనికిరాలేదా?"

"మా ఇంట్లో ఆమె ఏదో వీడియోలో చూసి తెల్లది కావాలనె. నేనేం జేద్దును?"

"నాకొక మాట చెప్పింటే నేనే పోయి మంచి తెల్లరాయి చూసి ఏయిద్దును గదప్పా. అడగలేదు నువ్వు. అదీ నా బాధ."

"ఎట్ల అడిగేది? నీ మొగం చూసి నీ బండ వద్దని చెప్పల్లంటే నాకు నోరు రాలేదు." శెట్టి గొంతు తగ్గింది. "నువ్వు మాత్రం? పప్పు గరిటె పట్టుకోని మా ఆమె అట్లే నిలబడిపాయ. ఆ పొద్దు సాయంత్రం దాకా ఏడ్చింది. తెల్సా నీకు?"

ఓబులేసుకు తెలియదు. నేనే చెప్పలేదు. పోస్టుమాన్ కొన్ని ఉత్తరాలు ఇవ్వడు. ఓబులేసు మెల్లగా అడిగాడు, "ఆ మార్బుల్ ఇప్పుడెట్లుండాది?"

"ఎట్లుంటాది! పసుపు పడిన కాడ పసుపు, చింతపులుసు పడిన కాడ మచ్చ. కింద కూచోని తినేకి నన్ను రానియ్యరు."

ఓబులేసు నవ్వాపుకోలేకపోయాడు. శెట్టి కూడా నవ్వాడు. మాతే చుక్కాని దగ్గర నుంచి ఏం జరిగిందని సైగ చేస్తే బొటనవేలు పైకెత్తి చూపించాను.

శెట్టి కిందికి వెళ్ళి ఉగ్గాని చేశాడు. మా వైపు పొద్దున ఫలహారమంటే అదే. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తాళింపులో వేసి, పప్పుల పొడి చల్లుతారు. నాలుగు పళ్ళేలు పెట్టాడు. నాలుగోది తనే పట్టుకుని పైకెక్కి ఓబులేసు ముందుంచి నిలబడ్డాడు. ఓబులేసు పళ్ళెం అందుకుని తినడం మొదలుపెట్టాడు. అమ్మయ్య అనుకుని, కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పి, నేనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మింగలేకపోయాను. విషయం ఏమిటంటే, ఆ సంబరంలో శెట్టి గిన్నెలు కడగడానికి తోడి పెట్టిన సముద్రపు నీళ్ళ బకెట్లో బొరుగులు నానబెట్టి, ఆపైన తాళింపులో ఉప్పు కూడా వేశాడు. మాతే తన ముద్దను మర్యాదగా చేతిరుమాల్లోకి ఉమ్మేశాడు.

"ఎట్లుండాదప్పా?" అని శెట్టి ఓబులేసును అడిగాడు.

ఓబులేసు పళ్ళెం అడుగు దాకా తుడిచి తిన్నాడు. "బాగుండాది" అన్నాడు. "ఇంగ కొంచెం పెట్టు."

శనివారం పడవ అప్పగించి స్ప్లిట్ పాత ఊళ్ళో తిరిగాం. వీధులన్నీ సున్నపురాతి బండలే, మనుషుల నడకకు అద్దంలా నున్నబడ్డాయి. శెట్టి జారబోతే ఓబులేసు మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. నేను వెనక రెండు సంచులు మోసుకుంటూ నడిచాను. వెనక్కి వచ్చాక ఒక ఆదివారం ఆళ్ళగడ్డలో ముగ్గురం భోజనానికి కూర్చున్నాం, ఆ తెల్ల మార్బుల్ మీదే, కింద. శెట్టి భార్య పప్పు వడ్డించింది. ఓబులేసు తల ఎత్తకుండా, "అమ్మా, ఆ పొద్దు తప్పు చేసినా" అన్నాడు. ఆమె వాడి విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది. సముద్రం, దీవులు, తెరచాపలు బాగానే ఉన్నాయి, చూడాల్సిందే. కానీ నన్నడిగితే ఏడ్రియాటిక్‌లో అన్నిటికన్నా మంచి చోటు ఆ పడవ వెనక మూల, ఆ ముడి ఉన్న చోటే. మీరు కూడా స్నేహితులతో వెళ్ళేటట్టుంటే ఒక్క సలహా. ఏజెంటు నాలుగు క్యాబిన్ల పడవ చూపిస్తే వద్దనండి, మూడు క్యాబిన్లదే తీసుకోండి.